దిక్కుమాలి వనంలో ఏడో గీత

శిఖిపుర రాజ్యానికి తూర్పు పొలిమేరలో, చీలికబండ అనే జంట రాళ్ళ నీడన, పొద్దు బారెడు ఎక్కిన వేళ ఒక గాజుల సెట్టి తన అక్కతో పోట్లాడుతున్నాడు.

"మగవాణ్ణి, నేను ముందు నడుస్తాను."

"ముందు నడువు, వెనక నడువు, నీ ఇష్టం. కానీ నాకు పది అంగల దూరంలో ఉండాలి. ఆ మలారం నా చేతి దగ్గరికి వచ్చిందంటే మర్యాద దక్కదురా తమ్ముడూ!"

సెట్టి పళ్ళు నూరాడు.

అతను సెట్టి కాదు. శిఖిపురాధీశుడి రెండో కుమారుడు జయంతకేతుడు. తలపాగా చుట్టి, మోకాళ్ళ పైకి పంచె బిగించి, ఎరుపూ పచ్చా నీలం గాజులు తాళ్ళకు గుచ్చిన మలారం భుజాన వేసుకున్నాడు. ఆ గాజుల వరసల మధ్య, గుడ్డలో చుట్టిన తాతల నాటి ఖడ్గం ఉంది. ఆమె అతని అక్కా కాదు. రాజ్యంలోని కొండలకూ, వాగులకూ, బాటలకూ పటాలు గీసే సుబంధుడి ఒక్కగానొక్క కూతురు తరళ. మాంత్రికుడి వేగులకు అనుమానం రాకుండా రాకుమారుణ్ణి తమ్ముడని పిలవమని సాక్షాత్తు మహారాజే చెప్పాడు. 'ఒరేయ్' అనమని ఆయన చెప్పలేదు. అది తరళ సొంతంగా చేర్చుకుంది.

వాళ్ళ ఎదుట పరచుకుని ఉన్నదే దిక్కుమాలి వనం. ఆకాశాన్ని తలమీద మోస్తున్నట్టున్న మద్దిచెట్లు, వాటిని కొండచిలువల్లా పెనవేసిన అడవితీగలు, ఆ తీగల నుంచి గుత్తులు గుత్తులుగా వేలాడే పాలరంగు పువ్వులు, పువ్వుల మీద రత్నపు పొడి చల్లినట్టు మెరిసే తేనెటీగలు. ఇవన్నీ మొదటి పాతిక అంగల వరకే. ఆ తరువాత అంతా మంచు. పాలసముద్రం ఒడ్డు తప్పి వచ్చి అడవిలో నిలిచిపోయినట్టు, చెట్ల మొదళ్ళ నుంచి చిటారుకొమ్మల దాకా తెల్లగా, చిక్కగా, కదలకుండా నిలబడి ఉంది. ఆ మంచులో సూర్యుడు కనబడడు. నీడ పడదు. అందులోకి వెళ్ళినవాడు తన ఎడమచేతి వైపు ఏముందో చెప్పలేడు.

ఆ మంచు వక్రనాసుడనే మాంత్రికుడు పుట్టించింది. నాలుగు రోజుల కిందట, ఆ దుర్మార్గుణ్ణి బంధించి తెస్తానని పెద్ద రాకుమారుడు మణికర్ణుడు నాలుగు వందల మంది భటులతో అడవిలో దిగాడు. దారి చూపడానికి సుబంధుడు వెంట వెళ్ళాడు. మొదటిరోజే ఎవరో సుబంధుడి దిక్సూచిని మాయం చేశారు. నిన్న సాయంత్రం ఒక పావురం చీటీ తెచ్చింది. అందులో ఉన్నది తండ్రి చేతిరాతేనని తరళ గుర్తుపట్టింది. 'ఎండువాగు పడమటి గట్టున కూలిన మండపంలో ఉన్నాం. నీళ్ళు రేపటి వరకే.'

చదివిన మరుక్షణం ఆమె ఏడవడానికి కూర్చోలేదు. తండ్రి పెట్టెలోంచి పటానికి నకలునూ, పాత దిక్సూచినీ తీసుకుని రాజసభకు పరుగెత్తింది.

ఇప్పుడు ఆ దిక్సూచిని అరచేతిలో పెట్టుకుని మూత తీసింది. చిన్న దంతపు భరిణె అది. నడుమ ఇత్తడి మొన మీద, సూదంటురాయితో రుద్దిన ఉక్కుసూది వణుకుతూ తిరిగి ఉత్తరం వైపు నిలిచింది. భరిణె అంచున ముప్పైరెండు గీతలున్నాయి. ఉత్తరం నుంచి కుడిగా లెక్కపెడితే ఎనిమిదో గీత తూర్పు, పదహారోది దక్షిణం. తరళ నూలుబట్ట మీద గీసిన పటాన్ని నేలమీద పరిచి, దాని ఉత్తరం సూది ఉత్తరంతో కలిసేదాకా మెల్లగా తిప్పింది.

"ఇదిగో, మనం ఉన్న చీలికబండ. అదిగో మండపం. సరిగ్గా తూర్పున, ఆరువేల అంగలు. ఉత్తర దక్షిణాలుగా పోయే ఎండువాగు పక్కనే ఉంది."

"అయితే ఎనిమిదో గీత పట్టుకుని నడుద్దాం, పద."

"కాదు. ఏడో గీత పట్టుకుని నడుద్దాం."

జయంతకేతుడు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎనిమిదో గీత మీద ఉన్నచోటికి ఏడో గీత మీద వెళ్తామా? తెలిసి తెలిసి దారి తప్పడానికి నిన్ను వెంట తెచ్చుకున్నానా?"

"ఈ మంచులో ఎంత సరిగ్గా నడిచినా వందో రెండువందలో అంగలు అటో ఇటో పోతాం. సరిగ్గా మండపానికే గురిపెట్టి, వాగు దాకా వచ్చాక అక్కడ మండపం లేదనుకో. అప్పుడు కుడికి తిరుగుతావా, ఎడమకా?"

రాకుమారుడు ముందు కుడికీ, తరువాత ఎడమకీ తల తిప్పి చూశాడు.

"అందుకే కావాలని ఎడమకు తప్పుదాం. వాగు తగలగానే కుడికి తిరుగుదాం. పన్నెండువందల అంగల్లో మండపం వస్తుంది. ఆలోచించక్కరలేదు."

"ఆలోచించక్కరలేదన్నావే, అది బాగుంది," అన్నాడు జయంతకేతుడు హాయిగా.

అలా బయలుదేరారు. పద్ధతి ఇది: రాకుమారుడు మంచులో కనబడినంత దూరం ముందుకు వెళ్ళి నిలబడాలి. తరళ భరిణె మీదుగా చూసి, "ఎడమకు... ఇంకా... కాస్త కుడికి, ఆగు!" అని అతన్ని ఏడో గీత వరసలోకి తేవాలి. అతనక్కడ కొమ్మకు ఒక ఎర్రగాజు తగిలించి ముందుకు జరగాలి. ఆమె అంగలు లెక్కపెట్టుకుంటూ ఆ గాజు దాకా వచ్చి, వెనక్కి తిరిగి పాతగాజును చూడాలి. వెనకచూపు ఇరవైమూడో గీత మీద పడితే దారి సరైనట్టు. ప్రతి వంద అంగలకూ తరళ ఒక చింతగింజను కుడికొంగు ముడిలోంచి ఎడమముడిలోకి మార్చేది.

"శత్రువుల గుండెల్లో నిద్రపోయే జయంతకేతుడు కొమ్మలకు గాజులు తొడుగుతున్నాడు," అని గొణిగాడు రాకుమారుడు.

"చెట్లకి సీమంతం అనుకోరా తమ్ముడూ!"

పదిహేను చింతగింజలు మారాయి. అప్పుడు మంచులోంచి ఒక ముసలవ్వ ఊడిపడింది. విల్లులా వంగిన నడుము, నెరిసిన జుట్టు, మొహం సగం కప్పిన ముసుగు, కుడికాలికి నల్లటి లావుపాటి కడియం.

"గాజుల నాయనా! పుట్ట తేనెకని వచ్చి దారి తప్పాను. కాస్త మీ వెంట రానివ్వండయ్యా, పుణ్యముంటుంది," అని దీనంగా ఏడ్చింది.

"అయ్యో, రా అవ్వా!" అన్నాడు జయంతకేతుడు జాలిపడి.

అవ్వ తరళ పక్కనే కుంటుకుంటూ నడిచింది. తరువాతి గాజు దగ్గర తరళ వెనక్కి తిరిగి చూసి, ఉలిక్కిపడింది. వెనకచూపు ఇరవైమూడో గీత మీద లేదు. ఇరవై మీద పడింది. మళ్ళీ చూసింది. అంతే. ఇనుము దగ్గరికి వస్తే సూది అటు తిరుగుతుంది, కానీ రాకుమారుడి ఖడ్గం చాలా దూరంలో ఉంది. మరి సూదిని లాగుతున్నదేమిటి?

"అవ్వా, ఆ పక్క పొదలో పండ్లున్నాయేమో చూడవూ?" అంది తరళ.

అవ్వ కుడిపక్కకు వెళ్ళింది. సూది కుడికి తిరిగింది. అవ్వ ఎడమపక్కకు వచ్చింది. సూది మేనత్త వెంటపడిన పసిబిడ్డలా ఎడమకు వచ్చింది. తరళ చూపు అవ్వ కడియం మీద పడింది. అది సూదంటురాయి! దారి తప్పిన అవ్వకు సూదంటురాతి కడియం ఎందుకు? ముసుగు కింద అంత పొడుగ్గా, కొడవలిలా వంగి ఉన్నది ముక్కేనా?

తరళకు విషయం అర్థమైంది. పైకి మాత్రం చేతులు తిప్పుకుంటూ, "అయ్యయ్యో! నా ముక్కుపుడక ఎక్కడో జారిపోయింది. వెనక్కి వెళ్ళి వెతకాలిరా తమ్ముడూ," అంది. సరైన దారి మీద చివరిగా తగిలించిన గాజు దగ్గరికి ఇద్దరినీ నడిపించి, పొదలో చెయ్యిపెట్టి, "దొరికింది!" అంది. తరువాత అవ్వ భుజం నిమిరింది.

"పాపం, అవ్వ కాళ్ళు వాచిపోయాయి. తమ్ముడూ, అవ్వని వీపున ఎక్కించుకో."

"నేనా?"

"మరి నేనా? ఎక్కించుకుని వంద అంగలు ముందు నడువు. అవ్వా, గట్టిగా పట్టుకో, మావాడికి కాస్త తొందరెక్కువ."

శిఖిపుర రాకుమారుడు ఒక భుజాన మలారం, వీపున ముసలవ్వ, నోటినిండా తిట్లు మోస్తూ ముందు నడిచాడు. ఖడ్గమూ, కడియమూ రెండూ దూరమయ్యేసరికి తరళ అరచేతిలో సూది బుద్ధిగా ఉత్తరం చూసింది. తన కడియం సూదిని పక్కకు లాగేస్తోందనీ, వీళ్ళు వంకరదారిన తన గుహ వైపే వస్తున్నారనీ ఆ వీపు మీది అవ్వ లోలోపల మురిసిపోతోంది. తన మంచే తనకు కళ్ళు కట్టిందని ఆ ముక్కుకు తెలియదు.

ముప్పైనాలుగో చింతగింజ మారింది. పటం ప్రకారం ఇంకో వంద అంగల్లో పెద్ద ఊబి ఉంది. మంచు అంచున పచ్చటి గడ్డి తివాచీలా కనిపించింది. తరళ వాళ్ళ దాకా వచ్చి ఆగి, నేలమీద కూలబడి, నెత్తిన చేతులు పెట్టుకుంది.

"తమ్ముడూ! అంతా అయిపోయింది. సూది మోసం చేసింది. ఈ పచ్చికబయలు పటంలో లేనేలేదు. ఎక్కడికి వచ్చామో తెలియడం లేదు!"

అంతవరకూ ములుగుతున్న అవ్వ రాకుమారుడి వీపు మీద నుంచి ఒక్క గెంతు గెంతింది. నడుము నిటారైంది. ముసుగు ఊడింది. మూరెడు వంకరముక్కు బయటపడింది.

"హ్హహ్హహ్హ! మీకు తెలియదు, నాకు తెలుసు! ఇది నా గుహ ముంగిలి! నేను వక్రనాసుణ్ణి! ఒరేయ్ భూతాల్లారా, రండిరా, విందు వచ్చింది!"

జయంతకేతుడు ఖడ్గం లాగబోయాడు. అది గాజుల్లో చిక్కుకుని, మలారమంతా గలగలమని మోగింది తప్ప బయటికి రాలేదు. ఈలోగా మాంత్రికుడు పచ్చిక మీద లేగదూడలా పరుగు తీశాడు. నాలుగు గెంతులు. అయిదో గెంతు పడలేదు. 'బుడుంగు'మని మోకాళ్ళ దాకా, తరువాత నడుము దాకా దిగిపోయాడు.

తరళ లేచి కొంగు దులుపుకుంది. "అవ్వా, నీ గుహ ముంగిలి కాస్త మెత్తగా ఉన్నట్టుందే?"

"నీకు... నీకు తెలుసా?"

"నిన్ను మోసిన తమ్ముడికి తప్ప అందరికీ తెలుసు."

జయంతకేతుడు ఆమె వైపు ఒక చూపు చూసి, ఎట్టకేలకు ఖడ్గం ఊడదీసి, ఊబి ఒడ్డున నిలబడ్డాడు. "వక్రనాసా! మంచు తీసెయ్. తాడు వేస్తాను."

"తీస్తాను బాబూ, తీస్తాను!" అని చేతులు జోడించిన మాంత్రికుడు ఏదో గొణిగాడు. బురదలోంచి ఒక నీటికాకి రెక్కలు టపటపలాడించుకుంటూ పైకి లేచింది. కడియం మాత్రం ఊబికే మిగిలింది. "మంచు ఇంకా చిక్కబడుగాక! మణికర్ణుడు నా కోటలో కుళ్ళుగాక!" అని అరుస్తూ కాకి ఎగిరిపోయింది. కాసేపటికి ఏదో చెట్టుకు ముక్కు కొట్టుకున్న చప్పుడూ, ఒక బూతుమాటా వినిపించాయి.

రాకుమారుడి మొహం మాత్రం పాలిపోయింది. "అన్న వాడి కోటలో ఉన్నాడా?"

"ముందు మండపం చేరదాం," అంది తరళ. ఆమె గొంతులో అల్లరి లేదు.

ఊబిని చుట్టి వెళ్ళడానికి కుడికి తిరిగి మూడువందల అంగలు, మళ్ళీ ఏడో గీత మీద ఆరువందలు, ఆ తరువాత ఎడమకు మూడువందలు నడిచారు. అడ్డంగా నడిచినవి లెక్కలో కలపకుండా, ముందుకు నడిచినవాటికి మాత్రమే చింతగింజలు మార్చింది. ఇప్పుడు మంచు ఎంత చిక్కగా ఉందంటే రాకుమారుడు ఇరవై అంగల దూరంలోనే మాయమవుతున్నాడు.

అప్పుడు ఎడమవైపు నుంచి పిలుపు వచ్చింది. "తరళా! అమ్మా తరళా! ఇటు రా తల్లీ, దాహంతో చచ్చిపోతున్నాను!"

అచ్చంగా సుబంధుడి గొంతు. తరళ అడుగు తడబడింది. చిన్నప్పుడు జ్వరం వస్తే పిలిచిన గొంతు అది. భరిణె చూసింది. పిలుపు రెండో గీత వైపు నుంచి వస్తోంది. మండపం అటు లేదు.

"వెళ్దామా?" అన్నాడు జయంతకేతుడు మెల్లగా.

"మా నాన్న దాహమని నాతో ఎప్పుడూ అనడు. 'పటం తిన్నగా పట్టుకున్నావా' అంటాడు." కళ్ళు తుడుచుకుని ఏడో గీతను చూసింది. "కుడికి జరగండి... ఆగండి. అక్కడే గాజు కట్టండి."

ఆ మర్యాదకు తెల్లబోతూనే రాకుమారుడు గాజు కట్టాడు.

అరవైఒకటో చింతగింజ మారేసరికి నేల దిగిపోయి, కాళ్ళకింద ఇసుక తగిలింది. ఎండువాగు! వాగులో నిలబడి చూస్తే ఇరువైపులా మంచు తప్ప ఏమీ లేదు. "కుడికి," అన్నాడు జయంతకేతుడు, ఆమెకంటే ముందే. గట్టు వెంబడి పదకొండువందల డెబ్బై అంగలు నడిచారు. మంచులోంచి విరిగిన రాతిస్తంభమూ, దాన్ని ఆనుకుని కూర్చున్న భటులూ బయటపడ్డారు. పెదవులు పగిలి, కళ్ళు లోతుకుపోయి, లేచి నిలబడే ఓపిక కూడా లేక చేతులెత్తారు.

నెరిసిన గడ్డంతో, బక్కచిక్కిన సుబంధుడు లేచి వచ్చాడు. కూతుర్ని చూశాడు.

"ఎన్నో గీత మీద వచ్చావు?"

"ఏడో గీత నాన్నా. వాగు దగ్గర కుడికి తిరిగాం."

"బాగా చేశావు," అని ఆమె తల మీద చెయ్యి వేసి, చాలాసేపటి వరకూ తియ్యలేదు.

మండపానికి నైరుతిలో తొమ్మిదివందల అంగల దూరాన ఒక ఊట ఉందని సుబంధుడికి తెలుసు. దిక్సూచి లేక మూడుసార్లు వెతికి, మూడుసార్లూ తిరిగి మండపానికే వచ్చాడట. తరళ భటుల ఈటెలూ కత్తులూ మండపంలోనే పెట్టించింది. అందరినీ ఒకే తాడు పట్టుకోమని, భరిణె మీద ఇరవయ్యో గీత చూసుకుంటూ నడిచింది. ఎనిమిదివందల ఎనభయ్యో అంగ దగ్గర ఆమె కాలు చల్లటి నీళ్ళలో పడింది. నాలుగువందల మంది ఊట చుట్టూ బోర్లాపడి తాగారు. తాగినవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళు మళ్ళీ తాగారు.

జయంతకేతుడు మాత్రం తాగలేదు. "సుబంధా, అన్న ఏడి?"

"నిన్న పావురాన్ని పంపిన కాసేపటికే గండభేరుండ పక్షి వచ్చి గోళ్ళతో ఎత్తుకుపోయింది, ప్రభూ. మంచులో ఎటు పోయిందో కనబడలేదు. కానీ రెక్కల చప్పుడు చాలాసేపు వినిపించింది. అది వినిపించిన వైపుకి రెండు వెదురుకర్రలు ఒకే వరసలో పాతాను. దిక్సూచి వస్తే పనికొస్తాయని."

తిరిగి మండపానికి రాగానే తరళ ఆ కర్రల వెనక మోకరించి, ఒకదాని మీదుగా ఇంకోదాన్ని చూసింది. ఉత్తరం నుంచి మూడో గీత. పటం తెరిచింది. ఆ వైపు సుబంధుడు ఏమీ గీయలేదు. తెల్లబట్ట.

"అటువైపు నేనెప్పుడూ నడవలేదమ్మా," అన్నాడు సుబంధుడు.

"అయితే నేను నడుస్తాను," అన్నాడు జయంతకేతుడు.

"నడుస్తాం," అని దిద్దింది తరళ.

భటులను ఇంటికి చేర్చడానికి సుబంధుడికి దిక్సూచి అక్కర్లేకపోయింది. దారి పొడుగునా ఎర్రగాజులున్నాయి. ఆయన వాటి వెంట పడమటికి సాగాడు. వీళ్ళిద్దరూ మూడో గీత పట్టుకున్నారు.

ఎనిమిది చింతగింజలు మారాయి. మంచులో రెండు గొంతులు కొట్లాడుకోవడం వినిపించింది.

"గూడు ఎడమవైపుందని చెప్తున్నానా?"

"కుడివైపు! గుడ్డు చల్లారిపోతోంది, మొర్రో! మేతకని దిగి, రాత్రంతా నీ మాట విని తిరిగాం!"

తాటిచెట్టంత ఎత్తున రెండు తలలు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. గండభేరుండం! రాకుమారుడు ఖడ్గం ఝళిపించాడు. తరళ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగండి. అది కూడా దారి తప్పింది." ఆమె కళ్ళలో అల్లరి మళ్ళీ వెలిగింది. ముందుకు వెళ్ళి గొంతెత్తింది. "అన్నలూ! నిన్న మీరో మనిషిని మోసుకుపోయిన కోట ఉందే, మీ గూడు దాని మీదేనా?"

రెండు తలలూ కిందికి వంగాయి. "అవును. నీకెలా తెలుసు?"

"అటు దారి నాకు తెలుసు. మమ్మల్ని ఎక్కించుకుంటే చూపిస్తాను."

తలలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. పుట్టిన తరువాత మొదటిసారి ఒకే మాట అన్నాయి. "ఎక్కు!"

రాకుమారుణ్ణీ, అతని ఖడ్గాన్నీ తోక చివర కూర్చోబెట్టి, తరళ మెడ దగ్గర కూర్చుని భరిణె తెరిచింది. పక్షి లేచింది. చెట్లు కిందికి జారాయి. "కొంచెం కుడికి అన్నా. చాలు. నువ్వు లాగకు, నువ్వు కూడా. ఆ, తిన్నగా!" ఉన్నట్టుండి మంచు తెగిపోయి, ఎండ మొహాన కొట్టింది. ఎదురుగా పగడపు రంగు కొండ, దాని మీద ఏడు నల్లని బురుజుల కోట, కొండ చుట్టూ నిప్పులా మెరిసే అగడ్త, కోట వెనక ఎవరూ చూడని మూడు లోయలు!

బురుజుల మీద కొమ్ముబూరలు మోగాయి. మొదటి బాణం పక్షి రెక్కను రాసుకుంటూ పోయింది. జయంతకేతుడు ఖడ్గం దూసి, ఈకలు పట్టుకుని పాకుతూ ముందుకు వచ్చి, తరళకు అడ్డంగా మోకాళ్ళ మీద నిలిచాడు. అతని వీపుకు వెనక నుంచి ఏదో తగిలింది. తరళ పటం విప్పి అతని వీపు మీద పరిచింది. బొగ్గుముక్కతో, తెల్లబట్ట మీద కొండను గీయడం మొదలుపెట్టింది.

రెండో బాణాన్ని అతను ఖడ్గంతో కొట్టి తోసేశాడు.

"కదలకండి, రాకుమారా!" అంది తరళ కోపంగా. "కొండ వంకరపోతోంది."